పొద్దుగూకే వేళ నుంచి వెనక్కి లెక్క



ఈ పూట అడవిలో ఒక రోజు నడక గురించి మాట్లాడుకుందాం. పొద్దున బయలుదేరి ఒక దారిన లోపలికి వెళ్ళి, ఇంకో దారిన తిరిగి, చీకటి పడకముందే మొదలుపెట్టిన చోటికి చేరుకునే చుట్టుదారి నడక. సూత్రాలు మాత్రమే చెబితే రేడియో కట్టేయగానే మరచిపోతాం. అందుకని మనలో చాలామందికి తెలిసిన ఒక దారిని ముందు పెట్టుకుని చెబుతాను. నంద్యాల జిల్లాలో, నల్లమల ఒడిలో ఉన్న ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నారసింహం దాకా వెళ్ళి, మాలోల నారసింహం, ప్రహ్లాద బడి మీదుగా తిరిగివచ్చే దారి.

వెళ్ళనివాళ్ళ కోసం దారి ఎలా ఉంటుందో ముందు చెబుతాను. ఆళ్లగడ్డ వైపు నుంచి వస్తే దిగువ అహోబిలం దాకా మైదానమే. అక్కడి నుంచి 8 కిలోమీటర్లు కొండల్లోకి ఎక్కితే ఎగువ అహోబిలం. బస్సు అక్కడిదాకా వెళుతుంది. అక్కడి ఎగువ గుడి దాటగానే భవనాశిని వాగు వెంట కాలిబాట మొదలవుతుంది. సుమారు కిలోమీటరు నడిస్తే వరాహ నారసింహం. క్రోడ నారసింహం అని కూడా అంటారు. ఆ తర్వాత దారి మనం అనుకునే దారిలా ఉండదు. వాగులో పడి ఉన్న బండల మీదుగా, మెట్లు కట్టినచోట మెట్ల మీదుగా, ఇనుప కడ్డీలు పట్టుకుని ఎక్కాలి. రెండు పక్కలా నిలువు గోడల్లా కొండలు. ఆ గండి చివర, కొండ గోడకు ఆనుకుని జ్వాలా నారసింహం. పక్కనే రక్తకుండం అనే నీటి గుండం. ఎగువ గుడి నుంచి అక్కడికి 4 కిలోమీటర్లని చెబుతారు. తిరుగు ప్రయాణంలో కొంత దూరం వచ్చిన దారినే దిగి, చీలిక దగ్గర మాలోల వైపు ఎక్కుతాం. అక్కడి నుంచి ప్రహ్లాద బడి చూసుకుని ఎగువ గుడి దగ్గరకు దిగుతాం. జ్వాల దాకా ఉన్న కొస ముక్కను మాత్రం రెండుసార్లు నడవాలి. తక్కినదంతా చుట్టే.

ఇలాంటి నడకకు సిద్ధం కావడమంటే ఏం తీసుకెళ్ళాలి, ఏం తినాలి అన్న దగ్గర చాలామంది మొదలుపెడతారు. నన్ను అడిగితే మొదట తేల్చుకోవలసింది గడియారం లెక్క. అది కూడా పొద్దున ఎన్నింటికి బయలుదేరాలి అన్నదాని నుంచి కాదు, పొద్దు ఎన్నింటికి గూకుతుంది అన్నదాని నుంచి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

పొద్దు తొందరగా గూకే నవంబరు చివరి వారాన్నే లెక్కకు తీసుకోండి. ఆ ప్రాంతంలో సూర్యాస్తమయం దాదాపు 5.40కి. కానీ మీరు ఉండేది మిద్దె మీద కాదు, గండిలో. ఎండ కొండ అంచు వెనక్కి తప్పుకున్నాక గండిలో వెలుగు తొందరగా పడిపోతుంది. చెట్ల కింద ఇంకా ముందే. నాలుగున్నర దాటితే బండ ఎక్కడుందో, బండకూ బండకూ మధ్య సందు ఎక్కడుందో సరిగ్గా కనిపించదు. కాలు మెలిక పడేది అలాంటి వేళలోనే. కాబట్టి నాలుగున్నరనే మన రోజుకు చివర అనుకుందాం. దానికి గంటన్నర ముందు, అంటే మూడింటికల్లా ఎగువ అహోబిలంలో ఉండాలి. ఆ గంటన్నర ఎందుకంటే, ఒకరికి మోకాలు పట్టేయొచ్చు, ఒకరి చెప్పు తెగిపోవచ్చు, ఒకరు చీలిక దగ్గర దారి తప్పి కాసేపు వెతికించవచ్చు. అది విశ్రాంతికి పెట్టుకున్న సమయం కాదు. ముట్టుకోకుండా ఇంటికి తెచ్చుకోవలసిన సమయం.

ఇక నడకకు ఎంతసేపు పడుతుంది? 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. నడిచే ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. నూటముప్పై ఏళ్ళు దాటినా ప్రపంచమంతటా కొండలెక్కేవాళ్ళు ఇప్పటికీ దానితోనే మొదలుపెడతారు. అయితే ఆయన లెక్క ఆరోగ్యంగా ఉన్న, అలవాటున్న మనిషికి, మంచి బాట మీద, చల్లని దేశంలో. మన బండల దారికి, మన ఎండకు, ఇంట్లో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళే మన తీరుకు దాన్ని రెట్టింపు చేసుకోవాలి. దర్శనాలూ, భోజనం, ఆగి ఊపిరి పీల్చుకోవడం దానికి వేరే.

వేసి చూద్దాం. చుట్టంతా కలిపి 9 కిలోమీటర్లు అనుకుందాం. మొత్తం ఎక్కే ఎత్తు 400 మీటర్లు అనుకుందాం. నైస్మిత్ లెక్కన దూరానికి గంటా 48 నిమిషాలు, ఎత్తుకు 40 నిమిషాలు. దాదాపు రెండున్నర గంటలు. రెట్టింపు చేస్తే ఐదు. దర్శనాలకూ తిండికీ ఇంకో గంటన్నర. మొత్తం ఆరున్నర గంటలు. మూడింటి నుంచి ఆరున్నర గంటలు వెనక్కి వస్తే ఎనిమిదిన్నర. అంటే ఎనిమిదిన్నర తర్వాత ఈ చుట్టు మొదలుపెట్టకూడదు. ఏడింటికి మొదలుపెడితే మరీ మంచిది. కర్నూలు నుంచో, కడప నుంచో పొద్దున బయలుదేరి పదకొండింటికి ఎగువ అహోబిలంలో దిగినవాళ్ళు ఆ రోజు వరాహ నారసింహం దాకా వెళ్ళి హాయిగా తిరిగి రావచ్చు. చుట్టు తిరగాలంటే ముందు రోజు రాత్రే దిగువ అహోబిలంలో బస చేయాలి. ఈ మాట కొంతమందికి రుచించదు. అయినా ఆ పదకొండు గంటల బస్సు దిగి నేరుగా జ్వాలకు పరుగెత్తేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు గుండె గుబులుగా ఉంటుంది. అక్కడ టీ కాచే అవ్వలకు కూడా అది తెలుసు. "ఇప్పుడా పోయేది సామీ, పొద్దు పోతాది" అంటారు. ఆ మాట వినాలి.

దూరం, ఎత్తు ఎలా తెలుస్తాయని అడుగుతారు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 స్కేలు పటాల్లో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరుతో సమానం. వాటి మీద 20 మీటర్ల ఎత్తుకు ఒకటి చొప్పున కాంటూరు రేఖలు ఉంటాయి. మీ దారి ఎన్ని రేఖలను దాటి పైకి వెళుతుందో లెక్కపెట్టి ఇరవైతో గుణిస్తే ఎక్కవలసిన ఎత్తు వస్తుంది. పదో తరగతి పిల్లలకు ఈ పని అప్పజెప్పండి, ఇష్టంగా చేస్తారు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బోర్డుల మీద, పుస్తకాల్లో కనిపించే కిలోమీటర్లు చాలాసార్లు నోటి లెక్కలు. వాగులో బండ చుట్టూ తిరిగి వెళ్ళిన దూరం అందులో ఉండదు.

ఇప్పుడు చుట్టుదారికి మాత్రమే ఉన్న ఒక చిక్కు చెబుతాను. ఈ ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇది గుర్తుండాలని నా కోరిక. వెళ్ళిన దారినే తిరిగివచ్చే నడకలో రెండో సగం మనకు తెలిసిందే. ఎక్కడ జారుతుందో, ఎక్కడ నీడ ఉందో, ఎక్కడ వాగు దాటామో కాళ్ళకు గుర్తుంటుంది. చుట్టుదారిలో రెండో సగం చూడని దారి. అలసిపోయిన కాళ్ళతో, సగం ఖాళీ అయిన నీళ్ళ సీసాతో, వాలుతున్న వెలుగులో, ముందెన్నడూ చూడని దారిలో నడవాలి. పైగా ఒక ఆశ పట్టుకుంటుంది. "ఇంత దూరం వచ్చాం కదా, అటు నుంచే దగ్గరేమో, ముందుకే పోదాం" అని. దారి తప్పిన కథలు చాలావరకు ఈ వాక్యం దగ్గరే మొదలవుతాయి.

అందుకు విరుగుడుగా ఇంటి దగ్గరే, కుర్చీలో కూర్చుని, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే మలుపు వేళ ఒకటి నిర్ణయించుకోవాలి. మన లెక్కలో అది పదకొండున్నర. పదకొండున్నరకల్లా జ్వాల చేరకపోతే, ఎక్కడ ఉన్నా సరే, వెనక్కి తిరగడమే. గుడి గంట వినిపిస్తున్నా సరే. తిరిగేటప్పుడు మాలోల చుట్టు పెట్టుకోకుండా వచ్చిన దారినే రావాలి. పటంలో అవతలి దారి కొంచెం పొట్టిగా కనిపించినా సరే, తెలిసిన దారే దగ్గర దారి. ఈ వేళను బృందంలో అందరికీ ముందే చెప్పాలి. ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోవాలి. అడవిలోకి వెళ్ళాక దీని మీద చర్చ ఉండకూడదు. చర్చ పెట్టుకుంటే గెలిచేది ఎప్పుడూ ఉత్సాహం ఎక్కువ ఉన్నవాళ్ళే. అలసిపోయినవాళ్ళు మొహమాటంతో నోరు విప్పరు.

జ్వాలకు పైన ఉన్న కొండకొన ఉగ్రస్తంభం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అక్కడికి ఎక్కడం కఠినం. చివరి భాగం చాలా నిటారుగా ఉంటుంది. జ్వాల చేరాక ఎవరో ఒకరు తల పైకెత్తి చూసి "ఉగ్రస్తంభం కూడా చూసేద్దాం" అంటారు. అప్పటికప్పుడు తీసుకోవలసిన నిర్ణయం కాదది. దానికి వేరే రోజు, వేరే లెక్క, దారి తెలిసిన మనిషి తోడు కావాలి. అలాగే అహోబిలంలో ఉన్న తొమ్మిది నారసింహాల గుళ్ళనూ ఒకే రోజు చుట్టేయాలన్న పట్టుదల వద్దు. కారంజ నారసింహం రోడ్డు పక్కనే ఉంది. ఛత్రవట, యోగానంద నారసింహాలు దిగువ అహోబిలానికి దగ్గర. వాటిని మరుసటి రోజు నిదానంగా చూసుకోవచ్చు. పావన నారసింహానికి దారే వేరు. దేవుడు మనం ఎన్ని గుళ్ళు చుట్టామో లెక్కపెట్టుకునేవాడు కాడని నా నమ్మకం.

ఏ వైపు నుంచి తిరగాలి? వాగు వైపు నుంచి పొద్దున పూట ఎక్కి, మాలోల వైపు నుంచి మధ్యాహ్నం దిగడం నాకు నచ్చిన పద్ధతి. బండల దారి ఎక్కడం కష్టమే గాని, దిగడం మోకాళ్ళకు అంతకంటే కష్టం. పొద్దున కాళ్ళలో బలం ఉంటుంది, గండిలో చల్లగా ఉంటుంది. వాన ముంచుకొచ్చేది ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కాబట్టి ఆలోపు వాగు బండల పని ఎంత ముగిస్తే అంత మంచిది.

వాగు మాట వచ్చింది కాబట్టి కాలం గురించి కూడా చెప్పుకుందాం. నల్లమలకు రెండు వానాకాలాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈశాన్యం. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కార్తీకంలో కూడా ఇక్కడ కుండపోత కురుస్తుంది. భవనాశిని కొండల మధ్య ఇరుకు వాగు. మీ నెత్తిన ఎండ కాస్తూ ఉండగానే పైన కొండల్లో కురిసిన వాన కిందికి దిగవచ్చు. నీళ్ళ రంగు మట్టి రంగుకు మారినా, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకొస్తున్నా, నీటి చప్పుడు పెరిగినా వెంటనే వాగు వదిలి ఎత్తుకు ఎక్కాలి. ఫోటో తీసుకునే సమయం కాదది. వాగు పొంగితే దాటకండి. తగ్గేదాకా ఇవతలే కూర్చోండి. మోకాలి లోతు ఉరవడి పెద్దవాళ్ళను కూడా పడగొడుతుంది. ఇక్కడి కొండలు కడప శిలాశ్రేణికి చెందిన క్వార్ట్‌జైట్ రాతివి. గట్టి రాయి. వాగు అరగదీసి నున్నగా చేసిన చోట తడిస్తే కాలు నిలవదు.

వేసవి మాట ఎత్తకపోవడమే మేలు. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల ప్రాంతంలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. ఆకు రాలిన అడవిలో నీడ ఉండదు, కార్చిచ్చు భయం ఉంటుంది. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న రోజులే ఈ నడకకు మంచివి. స్వాతి నక్షత్రం నాడు జనం ఎక్కువగా ఉంటారు. తోడు దొరుకుతుంది గాని మెట్ల దగ్గర నిలబడి నిలబడి లెక్క తప్పుతుంది. ఆ రోజు వెళ్ళేవాళ్ళు ఇంకో గంట కలుపుకోండి. కనుమ నాటి నుంచి దాదాపు నలభై రోజులు పారువేట జరుగుతుంది. ఉత్సవమూర్తులు పల్లకిలో చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతాయి. ఆ రోజుల్లో వెళితే వీలు చూసుకుని ఏదో ఒక ఊళ్ళో ఆ పల్లకి రాకను కూడా చూడండి. అడవి ఎంత లోతుగా ఈ ఊళ్ళతో కలిసిపోయిందో అప్పుడు తెలుస్తుంది.

నల్లమల చెంచుల ఇల్లు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన నరసింహస్వామి వాళ్ళకు ఇంటి అల్లుడు. దారి తెలిసిన చెంచు మనిషి ఎవరైనా తోడు వస్తానంటే సంతోషంగా తీసుకెళ్ళండి. కూలి ముందే మాట్లాడుకోండి, బేరం ఆడకండి, మీ అన్నంలో ఆయనకు సమానంగా పెట్టండి. కొమ్మ విరిగిన తీరు చూసి, పక్షి అరుపు విని ఆయన చెప్పే మాట మన ఫోన్లో ఏ పటమూ చెప్పదు. ఆయన "వద్దు, ఈ పొద్దు అటు పోవద్దు" అంటే కారణం అడగకుండా ఆగిపోండి. ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు అడిగితే ఎలుగుబంటి అడుగో, పొంగబోయే వాగో కారణం చెబుతాడు.

నీళ్ళ సంగతి. గంటకు అర లీటరు అనుకుంటే ఆరున్నర గంటలకు మనిషికి మూడు లీటర్లు దాటుతుంది. మూడు లీటర్లంటే మూడు కిలోల బరువు. మోయలేమని తగ్గించుకోవడానికి వీల్లేదు. తగ్గించుకోవాలంటే బట్టలు తగ్గించుకోండి. వాగు నీళ్ళు తేటగా ఉన్నంత మాత్రాన తాగదగినవి కావు. ఎగువన మనుషులు స్నానాలు చేస్తారు, పశువులు దిగుతాయి. క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగితేనే తాగండి. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు పెట్టుకోండి. లేకపోతే లీటరు నీళ్ళకు అంచుకు సమంగా ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే హాని.

తిండికి పులిహోరను మించింది లేదు. చింతపండు, నూనె ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం దాకా చెడదు. పెరుగన్నం ఇష్టమే గాని ఎండకు పులుస్తుంది. సజ్జరొట్టె, చెనిక్కాయల ఉండలు జేబులో పెట్టుకుని నడుస్తూ తినొచ్చు. మాలోల దగ్గర తిందామని ఆకలి ఆపుకోకండి. గంటకోసారి గుప్పెడు తినాలి. కోతులు ఉంటాయి కాబట్టి ప్లాస్టిక్ సంచి చేత్తో పట్టుకుని నడవకండి, అన్నీ వీపు సంచిలోనే ఉండాలి. ఖాళీ పొట్లాలు కూడా అందులోనే తిరిగి రావాలి. భవనాశినిలో తేలే కవర్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. భక్తితో వచ్చిన మనమే ఆ వాగును అలా చేయడం నేను సహించలేను.

చెప్పుల విషయంలో ఒకటే మాట. రబ్బరు హవాయి చెప్పులతో తడి బండలు ఎక్కకండి. అడుగున పట్టు ఉన్న బూట్లు, వాటికి ముందే అలవాటుపడిన కాళ్ళు కావాలి. మొక్కు ఉండి ఉత్తకాళ్ళతో నడిచేవాళ్ళు ముందు కొన్ని వారాలు ఊళ్ళో మట్టిదారిలో నడిచి అరికాళ్ళు గట్టిపరచుకోండి. ఎగువ అహోబిలంలో ఊతకర్రలు దొరుకుతాయి. వయసులో ఉన్నవాళ్ళు కూడా తీసుకోవాలి. దిగేటప్పుడు అది మూడో కాలు. నడవలేని పెద్దలకు డోలీలు ఉన్నాయి. డోలీ ఎక్కడం చిన్నతనం కాదు.

పిల్లలను తీసుకెళ్ళేవాళ్ళకు ఒక మనవి. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుతపులి ఒక చిన్నారిని పొట్టనబెట్టుకున్న సంగతి మన అందరికీ గుర్తుంది. ఆ తర్వాత అక్కడ పిల్లలతో నడిచేవాళ్ళను మధ్యాహ్నం రెండు గంటల తర్వాత అనుమతించకుండా ఆంక్ష పెట్టారు. అది శేషాచలం, ఇది నల్లమల. అయినా చిరుత రెండుచోట్లా ఉంది. పిల్లలు పెద్దల మధ్యలో నడవాలి, ముందుకు పరుగెత్తకూడదు, వెనకబడకూడదు. పొద్దున మరీ చీకటితో, సాయంత్రం మసక వేళ అసలు నడవకూడదు. మలుపుల దగ్గర మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వెళ్ళండి. ఎలుగుబంటికి మనుషుల అలికిడి ముందే తెలిస్తే అదే తప్పుకుంటుంది, హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడుతుంది. బృందంలో అందరికంటే నిదానంగా నడిచేవాళ్ళను ముందు పెట్టండి. చివర ఒక గట్టి మనిషి ఉండాలి. ప్రతి గుడి దగ్గరా తలలు లెక్కపెట్టుకోండి.

గండి గోడల మీద పెద్ద తేనెపట్టులు ఉంటాయి. అత్తరు, సెంటు పూసుకుని వెళ్ళకండి. పొగ పెట్టకండి, రాళ్ళు విసరకండి. ఈగలు లేస్తే తల, ముఖం బట్టతో కప్పుకుని పట్టుకు దూరంగా పోవడమే. నీళ్ళలో దూకితే లాభం లేదు, అవి పైనే కాచుకుని ఉంటాయి.

పాము కాటు గురించి పాత అలవాట్లు మానాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే. అది ఆసుపత్రిలోనే దొరుకుతుంది. గట్టిగా కట్టు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలు కదలకుండా కర్రతో కట్టి, ఉంగరాలూ కడియాలూ తీసేసి, మనిషిని నడిపించకుండా మోసుకురావాలి. ఆ దారిలో డోలీ మోసేవాళ్ళు ఉండడం ఎంత అదృష్టమో అప్పుడు తెలుస్తుంది. 108కి ఫోన్ కలిసే చోటికి ఒకరు ముందే వెళ్ళాలి.

ఫోన్ మాట. గండిలో సిగ్నల్ ఉండదనే అనుకుని వెళ్ళండి. పటాన్ని ఇంటి దగ్గరే ఫోన్లోకి దింపుకోండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. టార్చి వేరుగా ఉండాలి, ఫోన్ లైటును టార్చిగా లెక్కవేయకండి.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ కాపాడేది ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళడం. "అహోబిలం వెళుతున్నాం" అంటే సరిపోదు. ఎంతమంది, ఏ దారిన వెళుతున్నారు, ఏ దారిన తిరిగి వస్తారు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు, ఎన్నింటిలోపు ఫోన్ రాకపోతే వాళ్ళు ఎవరికి కబురు చేయాలి అన్నవి కాగితం మీద రాసి ఇవ్వండి. మనం మూడింటికి వస్తామనుకున్నాం కదా, ఐదింటికి ఫోన్ రాకపోతే 112కి చేయమని రాయండి. మూడింటికి చేరగానే మొదట చేయవలసింది ఆ ఫోనే. మరచిపోతే మీరు హాయిగా టీ తాగుతూ ఉండగా మీ కోసం కొంతమంది చీకట్లో కొండెక్కుతారు. ఎగువ అహోబిలంలో కూడా గుడి దగ్గరో, అటవీ శాఖ వాళ్ళ దగ్గరో ఆ రోజు దారి తెరిచి ఉందా అని అడిగి, మీరు లోపలికి వెళుతున్నట్టు చెప్పండి. బస్సులో వచ్చినవాళ్ళు తిరుగు బస్సు చివరిది ఎన్నింటికో దిగేటప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోండి. మీ వెనక్కి లెక్కలో ఆ బస్సు వేళ కూడా చేరాలి.

ఇంటికి వచ్చాక ఒక్క పని మిగిలి ఉంటుంది. వానాకాలం తర్వాత, చలికాలంలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కనిపిస్తోంది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. నడిచి వచ్చిన రోజే వేడినీళ్ళతో స్నానం చేసి, బట్టలు విడిగా నానబెట్టి ఉతకండి. రెండు వారాలలోపు జ్వరం, తలనొప్పి వస్తే, ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు కనిపిస్తే, డాక్టరుతో "నేను ఫలానా రోజు అడవిలో నడిచాను" అని చెప్పండి. చంకల్లో, నడుము దగ్గర, చెవుల వెనక వెతకమనండి. డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుతో తగ్గే జబ్బు అది. ఆలస్యమైతేనే ప్రమాదం. మీరు చెప్పకపోతే డాక్టరుకు అడవి సంగతి తెలియదు.

ఈ చలికాలంలో వెళ్ళదలచుకున్నవాళ్ళు ఈ రాత్రే ఒక కాగితం తీసుకుని, పైన పొద్దుగూకే వేళ రాసి, అక్కడి నుంచి కిందికి లెక్క వేయడం మొదలుపెట్టండి.